జాగ్రత్త చేసిన చేతులు

నా పిహెచ్.డి. గ్రంథంలో నాలుగో అధ్యాయం రాయలసీమ కథల్లో ముఠా కక్షల గురించీ, ఆ ఇళ్ళలోని స్త్రీల గురించీ. ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు నాకు తెలిసిన ఒక సంగతి రాయలేదు. మరిచిపోయి కాదు. ఆస్పరికి దగ్గర్లోని మా అబ్బ ఊళ్ళో, మా మట్టి మిద్దె ఇంట్లో, అటక మీద ఒక డాల్డా డబ్బా ఉండేది. దాన్నిండా తోటాలు. అవి అక్కడ ఉన్నాయని నాకు పదేళ్ళప్పటి నుంచీ తెలుసు. తెలియడమే కాదు, ఒక వేసవి సెలవుల్లో వాటిని గుడ్డతో తుడిచింది నేనే.

అది 1998. మా అబ్బకు లైసెన్సు తుపాకి ఉండేది. పంట కాపలాకని తీసుకున్నది. మా వైపు జింకల మందలు పచ్చని చేను కనపడితే చాలు దిగిపోతాయి. కృష్ణజింకను కొట్టకూడదని 1972 నుంచీ చట్టం ఉంది కాబట్టి గాల్లోకి పేల్చి బెదిరించడానికే అనేవాళ్ళు. అడవిపందుల మాట వేరు. ఏమైనా లైసెన్సు మీద కొనే తోటాలకు లెక్క ఉంటుంది. దుకాణంవాడు పుస్తకంలో రాసుకుంటాడు, లైసెన్సులోనూ రాస్తాడు. అందుకని ఒకసారి పేల్చిన తోటా గుల్లల్ని పారెయ్యకుండా, వాటిలో మళ్ళీ మందూ గుండ్లూ నింపి మూతి బిగించేవాడు మా చిన్నాయన. అలా నింపినవి ఏ పుస్తకంలోకీ ఎక్కవు. జింకల కోసమే అయితే లెక్కకు అందని తోటాలు ఎందుకో పదేళ్ళ పిల్లకు తట్టలేదు. మా ఊళ్ళో రెండు పార్టీలున్నాయని మాత్రం తెలుసు. పార్టీ అంటే జెండా ఉన్న పార్టీ కాదని సీమ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

నింపడం మగవాళ్ళ పని. నింపినవి చెడిపోకుండా చూడడం ఆడవాళ్ళ పని. ఈ విభజన ఎవరూ కూర్చుని చేసింది కాదు. నిలవ పెట్టే విద్య అంతా ఇంట్లో ఆడవాళ్ళ దగ్గరే ఉండింది గనక అదీ వాళ్ళ దగ్గరకే వచ్చింది. విత్తనం జొన్నలు ఏ మూల పెడితే పురుగు పట్టదో, కందులకు బూడిద ఎంత కలపాలో, మబ్బు పట్టిన రోజు ఏ డబ్బా మూత తీయకూడదో మా అవ్వకు తెలుసు. మట్టి మిద్దె వానకు ఎక్కడ కారుతుందో కూడా ఆమెకే తెలుసు. వానలకు ముందు మిద్దె మీద చౌడు పోయించేది ఆమె. తేమ తగిలితే తోటా పనికిరాదు. కాబట్టి ఆ డబ్బా కారని చోటికి మారుతుండేది. ఏడాదికి రెండుసార్లు దాన్ని కిందికి దించి, విత్తనాలు ఏరినట్టే ఏరేవాళ్ళు. ఉబ్బినవి ఒక పక్క, చిలుం పట్టినవి ఒక పక్క. "నీ చేతులు చిన్నవి, మెల్లగా తుడుస్తావు" అని అవ్వ నన్ను కూర్చోబెట్టుకుంది. చిన్నమ్మ మూత బిగించి డబ్బాను పైకి అందించింది. "జాగ్రత్త చెయ్ మ్మే" అంది అవ్వ.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. తెలుగులో జాగ్రత్త అంటే హెచ్చరిక. జాగ్రత్తగా చూసుకోవడం అంటే ఆపేక్ష. జాగ్రత్త చేయడం అంటే దాచడం. మూడూ ఒకే మాట. మేలుకుని ఉండడమని దాని మూలార్థం. ఇంటిని అంటిపెట్టుకుని మేలుకుని ఉండే పని మన సమాజంలో ఎవరిదో మనకు తెలుసు. 1982లో కేరల్ గిలిగన్ పుస్తకం వచ్చాక, స్త్రీల నైతిక దృష్టి హక్కుల లెక్కల కంటే మనుషుల మధ్య సంబంధాల్నీ సంరక్షణనీ ఎక్కువ పట్టించుకుంటుందన్న వాదం మన విశ్వవిద్యాలయాల దాకా వచ్చింది. నేనూ పాఠం చెప్పాను. కానీ సంరక్షణ తనంతట తానే మంచిదా? దేన్ని సంరక్షిస్తున్నామన్న ప్రశ్న లేకుండా సంరక్షణను మెచ్చుకోవచ్చా? పిల్లల్ని పెంచిన చేతులే, అంతే ఓర్పుతో, అంతే నేర్పుతో ఆ డబ్బాను ఇరవై ఏళ్ళకు పైగా తడవకుండా కాపాడాయి.

మా ప్రాంతంలో నిలవ అంటే మొదటి అర్థం కరువు. 1876-78 నాటి ధాత కరువు అప్పటి బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు సీమను ఊడ్చిపెట్టింది. ఈ తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. జొన్న పాతరలు, గాదెలు, విత్తనాల డబ్బాలు, అన్నీ ఆకలి భయంలోంచి పుట్టిన ఏర్పాట్లు. భయం ఉన్నచోట దాచుకోవడం తప్పు కాదు. అయితే నిలవ పెట్టిన గింజ తినడానికో, విత్తడానికో. వాడితే తరుగుతుంది, మళ్ళీ పండితే పెరుగుతుంది. నిలవ పెట్టిన తోటా అట్లా కాదు. అది వాడకుండా ఉన్నా తన పని తాను చేస్తూనే ఉంటుంది. అటక మీద అది ఉందన్న ధైర్యంతో మగవాళ్ళు రచ్చబండ మీద మాట తగ్గించేవాళ్ళు కాదు. రాజీకి పిలిస్తే పోయేవాళ్ళు కాదు. పేలకముందే అది ఇంటి మాటనీ నడకనీ మార్చేసింది. దీర్ఘకాలం నిలవ ఉన్న ఆయుధానికి ఉండే నైతిక స్వభావం ఇదేననుకుంటాను. అది ఎప్పుడో చేయబోయే హింసే కాదు, ఇప్పుడు జరగకుండా ఆపేస్తున్న రాజీ కూడా.

పేలని తోటాల గురించే చెప్తున్నాను, పేలింది ఒకటుంది. 1999 ఎన్నికలకు ముందు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలన్నారు. అప్పగించే ముందు వారంలో ఒక రాత్రి చేని గట్టు మీద గొడవ జరిగింది. అవతలి పార్టీ దగ్గర జీతానికున్న ఒక బోయ కుర్రాడికి మోకాలి కింద గుండ్లు దిగాయి. ఆసుపత్రి ఖర్చులు ఇచ్చి రాజీ చేసుకున్నారు. కేసు లేదు. ఆ కాలు మళ్ళీ సరిగ్గా నిలవలేదు. సీమ కక్షల్లో భూమి ఉన్నవాళ్ళ పౌరుషానికి ఎక్కువగా తగిలేది భూమి లేనివాళ్ళ ఒళ్ళే. బాలగోపాల్ రాయలసీమ ముఠాల గురించి రాసినవి చదివిన వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఆ ఏడాది నుంచీ సుగ్గికి ఆ ఇంటి నుంచి ఆడమనిషి ఒక్కతే గుంటూరు మిరప చేలకు పోయేది. లారీ మా ఇంటి ముందు నుంచే పోతుంది.

అదే చలికాలం అబ్బ పోయాడు. లైసెన్సు ఆయనతోనే పోయింది. తుపాకిని ఎవరూ తిరిగి తెచ్చుకోలేదు. తోటాలు మాత్రం డబ్బాలో ఉండిపోయాయి, ఎప్పటికైనా అక్కరకొస్తాయని. తుపాకి లేని ఇంట్లో తోటాల్ని తడవకుండా కాపాడడంలో అర్థమేమిటని ఎవరూ అడగలేదు. అవ్వ 2011లో పోయింది. ఆ పని చిన్నమ్మ మీద పడింది.

ఇదంతా తెలిసి కూడా నా గ్రంథంలో నేనేం రాశాను? ముఠా కక్షల్లో స్త్రీలు బాధితులనీ, వాళ్ళ గొంతు కథల్లో వినిపించదనీ రాశాను. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి' తర్వాత వరసకట్టిన సినిమాల్లో ఆడవాళ్ళు అయితే ఏడుస్తారు, లేకపోతే కొడుకుకు నెత్తుటి తిలకం దిద్దుతారని విమర్శించాను. అవన్నీ నిజాలే. తాళిబొట్లు తెగిన ఇళ్ళు, కొడుకుల్ని చుట్టాల ఊళ్ళలో దాచి చదివించుకున్న తల్లులు, నేను చూసినవే. కానీ బాధితురాలు అన్న మాట వెనక నేను మా అవ్వను దాచాను. చిన్నమ్మను దాచాను. గుడ్డ పట్టుకున్న నన్నూ దాచుకున్నాను. ఒక విధంగా నా గ్రంథం కూడా డబ్బానే.

చిన్నాయన పోయాక 2023లో ఇల్లు పడగొట్టి పంపకాలు చేసుకుందామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అందుకే నాకూ పిలుపొచ్చింది. సామాన్లు దించుతుంటే డబ్బా బయటపడింది. మా అన్నలు ఒకరు బావిలో వేద్దామన్నారు, ఒకరు చేలో పాతేద్దామన్నారు. ఎవరూ మూత తీయడానికి ముందుకు రాలేదు. పాత తోటాలు ఎప్పుడేం చేస్తాయో చెప్పలేం. వాటిని కదిలించొద్దని మాత్రం అందరం ఒప్పుకున్నాం. ఆ రాత్రి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండో రోజూ చెప్పలేదు. మూడో రోజు ఆదోనిలో ఒక వకీలు దగ్గరికి వెళ్ళాను.

ఆయన చెప్పింది సులువుగానే ఉంది. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు పోయాక చేతిలో మిగిలిన ఆయుధాల్ని, మందుగుండునీ ఆలస్యం లేకుండా స్టేషన్‌లో అప్పగించాలి. ఇక్కడ ఇరవై నాలుగేళ్ళు ఆలస్యమైంది. పైగా ఇంట్లో నింపినవి. లైసెన్సు లేకుండా తోటా తయారు చేయడమూ నేరమే. అయితే దాచినవాళ్ళు చనిపోయారు కాబట్టి 'మరణించిన వ్యక్తి సామాన్లలో ఇవి దొరికాయి' అని అర్జీ రాస్తే సరిపోతుందన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఆయుధం ఇంట్లో ఉండడమే నేరం కాదు, అది ఉందన్న ఎరుక ఉండాలి, దాని మీద అదుపు ఉండాలి. గుణవంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. "మీ చిన్నమ్మకు ఏమీ తెలీదని రాయండి" అన్నాడు.

నేను రాశాను. సాహిత్యం చదువుకున్నదాన్ని, రాయడం నాకు కష్టం కాదు. 'దొరికాయి' అన్న క్రియ ఎంత చల్లనిదో రాస్తున్నప్పుడే తెలిసింది. దాచాను, దాచాడు అంటే వెంటనే ఒక మనిషి నిలబడుతుంది. దొరికాయి అంటే ఎవరూ ఉండరు. మన పత్రికల్లో వార్తలు చూడండి: ఫలానా ఊళ్ళో నాటుబాంబులు లభ్యం. గడ్డివాములో లభ్యం, దిబ్బలో లభ్యం, బాత్‌రూంలో లభ్యం. ఆ గడ్డివాము నుంచి రోజూ గడ్డి పీకేది ఎవరు? ఆ దిబ్బ మీద రోజూ పేడ వేసేది ఎవరు? వాళ్ళ ఎరుకను ఎవరూ లెక్కలోకి తీసుకోరు, శిక్షించడానికీ తీసుకోరు, ప్రశ్నించడానికీ తీసుకోరు. ఒకరకంగా అది దయ. ఇంకోరకంగా ఆమెను మనిషిగా గుర్తించకపోవడం.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనందరం చదివి పెరిగిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తాము చేసిన పనిని తమ నోటితో చెప్పుకున్నారు. ఉద్యమ చరిత్ర వాళ్ళ పనిని పనిగా లెక్కించలేదన్న కోపం మనకు ఆ పుస్తకం నుంచే వచ్చింది. మరి కక్షల ఇళ్ళలో స్త్రీల పని లెక్కలోకి రాకపోతే మనకెందుకు కోపం రావడం లేదు? అక్కడ లెక్కించకపోవడం అన్యాయం, ఇక్కడ లెక్కించకపోవడం మనకు సౌకర్యం. మంచి పనికి మాత్రమే కర్తలుగా ఉంటామనీ, చెడ్డ పనికి కర్మలుగా మిగులుతామనీ అనుకుంటే అది స్వేచ్ఛ కోరేవాళ్ళ వ్యాకరణం కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. మగవాళ్ళు నింపిన తోటాలకు ఆడవాళ్ళను బాధ్యుల్ని చేయడం పితృస్వామ్యానికే పనికొస్తుంది కదా? మా చిన్నమ్మ ఆ డబ్బాను కాలవలో పారేసి ఉంటే ఏమయ్యేది? తన్నులు తప్పేవి కావు, పుట్టింటికి పంపేవాళ్ళేమో. 1985 సవరణ కూతుళ్ళకు వచ్చింది గానీ కోడళ్ళకు కాదు. పుట్టింట్లో ఆమె పెళ్ళి ఆ సవరణకు ముందే అయిపోయింది కాబట్టి ఆ సవరణతో అక్కడా వాటా రాలేదు. ఆమె కాపాడిన ఇల్లు ఆమెది కాదు. వర్జీనియా వుల్ఫ్ 1938లో 'త్రీ గినీస్' రాస్తూ, యుద్ధం వస్తే స్త్రీలు మందుగుండు తయారు చేయకూడదు, గాయపడ్డవాళ్ళకు సేవా చేయకూడదు, దూరంగా ఉండాలి అంది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే మొదటి ప్రపంచయుద్ధంలో వేలాది ఇంగ్లీషు స్త్రీలు ఫ్యాక్టరీల్లో గుండ్లు నింపి, మందు తగిలి ఒళ్ళు పచ్చబడి, కేనరీ పిట్టలనిపించుకున్నారు. వుల్ఫ్ మాట గొప్పదే. కానీ దూరంగా ఉండడానికి ముందు నిలబడడానికి సొంత చోటు ఉండాలని ఆమే చెప్పింది. సంపాదన ఉన్న స్త్రీకే ఆ నిరాకరణ సాధ్యమంది. చిన్నమ్మకు దూరం ఎక్కడుంది? మందుగుండే వంటింటి అటక మీద ఉంటే?

కాబట్టి నేరం ఎవరిదన్న లెక్కలో ఆమె వాటా చిన్నది. చాలా చిన్నది. ఆ చిన్న వాటా కూడా లేదనడం మాత్రం నిజం కాదు. ఈ సంగతి నాకు చెప్పింది ఏ సిద్ధాంతకర్తా కాదు, చిన్నమ్మే.

అర్జీ చదివి వినిపించాను. 'నాకు ఏమియు తెలియదు' అన్న చోట ఆపమంది.

"అది కొట్టెయ్ పాపా."

"చిన్నమ్మా, వకీలు అట్లనే రాయమన్నాడు."

"తెలీదని ఏంటికి రాస్తావు? చేటలో పోసి ఏరింది నేను. వాన పడిన రాత్రి లేసి డబ్బా జరిపింది నేను. తాళంచెవి నా కొంగున ఉండె. మీ చిన్నాయన నింపినాడు, నిజమే. నింపినోడు నింపి పాయ. అవి చెడిపోకుండా చూసింది ఎవరు? ఆ పిల్లోని కాల్లో దిగింది నేను తుడిచిన తోటానే."

"అది రాస్తే నీకు ఇబ్బంది."

"ఇరవై ఏండ్లు లేదా ఇబ్బంది? ఆ లారీ పోయినప్పుడల్లా లోపలికి పోతాంటి."

చివరికి అర్జీలో 'ఈ తోటాలు మా మామగారి కాలం నుంచి నా జాగ్రత్తలో ఉన్నవి' అని రాసి సంతకం పెట్టింది. వకీలు తల పట్టుకున్నాడు. స్టేషన్ నుంచి మనుషులు వచ్చి డబ్బాతో సహా తీసుకుపోయారు. ఆ తర్వాత రెండుసార్లు స్టేట్‌మెంటుకు పిలిచారు. ఆ వ్యవహారం ఇక్కడ ముఖ్యం కాదు. ముఖ్యమైంది, చట్టం అడిగే రెండు షరతుల గురించి మా చిన్నమ్మ నాకు నేర్పింది. ఎరుక ఉంది సరే, అదుపు ఎక్కడుంది అని నేను వాదిస్తూ వచ్చాను. చెడిపోకుండా చూసే మనిషికి చెడగొట్టే శక్తి ఉంటుంది. జాగ్రత్త చేయడమే అదుపు. 1992లో దూబగుంట నుంచి మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేకోద్యమంలో స్త్రీలు చేసింది ఆ శక్తిని గుర్తుపట్టడమే. మొగుడి తాగుడు ఇంటి రహస్యమని అంతవరకూ దాచిన ఆడవాళ్ళే బయటికొచ్చి సారా పారబోశారు. వాళ్ళు ఒక్కరు కాదు, ఊరంతా. ఒంటరిగా అటక కింద నిలబడ్డ మనిషికీ వాళ్ళకూ తేడా ఆ తోడే. చిన్నమ్మకు ఆ తోడు దొరకలేదు. తోడు కాగలిగిన చదువుకున్న పిల్ల ఒకతి వేసవికొకసారి వచ్చి, చూసి, వెళ్ళి, కథల్లో స్త్రీల మౌనం గురించి రాసుకుంది.

ఇక్కడితో ముగిస్తే మేమిద్దరం నిజం చెప్పి తేలికపడ్డట్టు ఉంటుంది. అట్లా జరగలేదు.

అర్జీ ఇచ్చిన మరుసటి వారం చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆమె శెనక్కాయలు ఒలుస్తోంది. చిన్నమ్మ నిలబడే మొత్తం చెప్పింది. తోటాలు తన దగ్గరే ఉండేవనీ, తానే ఎండబెట్టి తుడిచిందనీ, పోలీసులకు కూడా అట్లే చెప్పాననీ. నేను కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆమె చేతిలో కాయలు ఒలవడం పూర్తయ్యేదాకా తలెత్తలేదు. తర్వాత అడిగింది.

"తడిస్తే పేలవు కదమ్మా అవి?"

"పేలవు" అంది చిన్నమ్మ.

"ఒక చెంబు నీళ్ళు పోసింటే సరిపోవును కదా."

తిరిగొచ్చేటప్పుడు చిన్నమ్మ దారంతా మాట్లాడలేదు. ఇంటి దగ్గరకొచ్చాక అంది, "పోసింటే మీ చిన్నాయనకు తెలిసేది కూడా కాదు పాపా. వాన కారిందనుకునేటోడు."

ఆ నాలుగో అధ్యాయాన్ని ఇప్పుడు పుస్తకంగా వేస్తామంటున్నారు. బాధితులు అన్న మాట తీసెయ్యను, అది నిజం. దాని పక్కన ఒక చెంబు నీళ్ళు కూడా పెట్టాలి. ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియడం లేదు.